ఇరవై మూడేళ్లకే మోకాలు అరిగిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 23. డిగ్రీ అయిపోయాక హనుమకొండలో హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. రెండేళ్లుగా చదువు మీదే కూర్చున్నాను. ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ లాంటి శారీరక పరీక్షలు) కోసం ముందు నుంచే తయారవ్వాలని ఆరు వారాల క్రితం గ్రౌండ్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. మా బ్యాచ్ అబ్బాయిలతో పాటే రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, ఆ తర్వాత గుంజీలు, కప్ప గంతులు, స్టేడియం మెట్లు ఎక్కి దిగడం చేస్తున్నాను. మూడో వారం నుంచి కుడి మోకాలి ముందు భాగంలో, చిప్ప చుట్టూ నొప్పి వస్తోంది. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, స్టడీ హాల్లో గంటల తరబడి కూర్చుని లేచినప్పుడు ఎక్కువగా ఉంటోంది. దెబ్బ తగల్లేదు, వాపు లేదు. మోకాలు వంచితే టకటకమని శబ్దం వస్తోంది. ఎక్స్‌రే మామూలుగానే ఉందన్నారు. కానీ చూసిన డాక్టర్ గారు గుజ్జు అరగడం మొదలైంది, పరుగు మానేయమన్నారు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. బరువు తగ్గితే మోకాళ్ల మీద భారం తగ్గుతుందని రాత్రిపూట అన్నం మానేశాను. మా అమ్మ ఫోన్లో "పెళ్లి కావాల్సిన పిల్లవి, కాళ్లు పోగొట్టుకుంటావా" అని ఏడుస్తోంది. ఎంఆర్ఐ తీయించుకోవాలా? నీక్యాప్ వేసుకుని పరుగెత్తొచ్చా? లేక ఈ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాలా?

– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ఆశ వదులుకోవద్దు. మోకాలిని చేత్తో పట్టి చూడకుండా ఉత్తరాన్ని బట్టి నూటికి నూరు పాళ్లు తేల్చి చెప్పడం కుదరదు. అయినా మీరు రాసిన వివరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. నొప్పి చిప్ప చుట్టూ ఉంది. మెట్లు దిగినా, గొంతుక్కూర్చున్నా, ఎక్కువసేపు మోకాలు మడిచి ఉంచినా పెరుగుతోంది. దెబ్బ లేదు, వాపు లేదు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మూడో వారంలో వచ్చింది. ఈ వయసులో ఇవన్నీ కలిసి కనిపిస్తే అది చాలావరకు పాటెలోఫెమోరల్ పెయిన్ అనే సమస్యే. మోకాలి చిప్పకీ, దాని వెనక ఉన్న తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి ఎక్కువై వచ్చే నొప్పి ఇది. పరుగెత్తే యువతలో చాలా మామూలు, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. తగ్గే జబ్బే.

ఇక "గుజ్జు అరిగింది" అన్న మాట. అరవై ఐదేళ్ల పెద్దావిడకి చెప్పే మాటే మీకూ చెప్పారు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ గుజ్జు కనిపించదు. రెండు ఎముకల మధ్య ఎంత ఖాళీ ఉందో చూసి గుజ్జు సంగతి అంచనా వేస్తారు. మీ ఎక్స్‌రే మామూలుగా ఉందంటే ఆ ఖాళీ తగ్గలేదనే అర్థం. మరి అరిగిందని దేన్ని చూసి అన్నట్టు? ఈ మాట విన్న పిల్లలు ఏం చేస్తారో నేను రోజూ చూస్తూ ఉంటాను. మెట్లు చూస్తే భయపడతారు, కింద కూర్చోవడం మానేస్తారు, బరువంతా రెండో కాలి మీద వేసి నడుస్తారు. రెండు మూడు నెలలు తిరిగేసరికి నొప్పి ఉన్న కాలి తొడ సన్నబడుతుంది. బలం తగ్గిన కాలికి నొప్పి ఇంకా తొందరగా వస్తుంది. అందుకే ఆ మాటను మీ మనసులోంచి తీసేయించడం నాకు మందు చెప్పడం కన్నా ముఖ్యం.

పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయం మీ అమ్మగారికే కాదు, చాలామందికి ఉంది. ఎన్నో పరిశోధనల్ని కలిపి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, ఆరోగ్యం కోసం మామూలుగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి తుంటి లేదా మోకాలి అరుగుదల కనిపించింది. పరుగు జోలికి పోకుండా కూర్చుని గడిపేవాళ్లలో అది 10.2 శాతం. పెద్ద పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు కాబట్టి ఈ తేడా అంతా పరుగు వల్లే వచ్చిందని అనలేం. కానీ మీలాంటి అమ్మాయి తెల్లారి గ్రౌండ్‌లో పరుగెత్తితే మోకాళ్లు పోతాయనడానికి ఆధారం లేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. టకటకమనే శబ్దం కూడా అంతే. దాంతో పాటు నొప్పిగానీ వాపుగానీ లేకపోతే ఆ శబ్దానికి అర్థమే లేదు. ఏ నొప్పీ లేని వాళ్ల మోకాళ్లు కూడా బోలెడన్ని శబ్దాలు చేస్తాయి.

మరి నొప్పి ఎందుకొచ్చింది? బావి గిలక మీద చేదతాడు జారినట్టు, తొడ ముందు కండరం లాగే బలం చిప్ప మీదుగా కాలిలోకి దిగుతుంది. మోకాలు ఎంత మడిస్తే చిప్ప వెనక అంత ఒత్తిడి. చదునైన నేల మీద నడిచేటప్పుడు అక్కడ పడేది మన ఒంటి బరువులో దాదాపు సగం. మెట్ల మీద అది మూడు రెట్లు దాటుతుంది. పూర్తిగా గొంతుక్కూర్చుంటే ఏడు రెట్లు మించుతుందని పాత కొలతలు చెప్తున్నాయి. భయపడకండి, మోకాలు అంత భారాన్ని మోయగలదు. మన అమ్మమ్మలు పొలంలో రోజంతా గొంతుక్కూర్చుని కలుపు తీశారు. కాకపోతే ఆ పని చిన్నప్పటి నుంచీ మెల్లగా అలవాటైంది. మీరు రెండేళ్లు కుర్చీలో కూర్చుని, ఒక్క వారంలో ఐదు కిలోమీటర్ల పరుగు, గుంజీలు, కప్ప గంతులు, స్టేడియం మెట్లు అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. పైగా రోజూ, మధ్యలో ఒక్క రోజు కూడా విశ్రాంతి లేకుండా. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లో అలవాటు పడతాయి. ఆయాసం తగ్గింది కదా అని మనం వేగం పెంచేస్తాం. కండరాలకీ, కీళ్లకీ, ఎముకలకీ నెలలు పడుతుంది. మీకు సరిగ్గా మూడో వారంలో నొప్పి రావడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది. మీరు పరుగెత్తుతున్నది మీ పరీక్ష కాదు, అబ్బాయిల పరీక్ష. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో. మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. వచ్చే నోటిఫికేషన్‌లో మారితే మారొచ్చు, అప్పుడు చూసుకోండి. కానీ ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మీకు కావాల్సింది 400 మీటర్ల ట్రాక్ మీద రెండు రౌండ్లు, ఒక్కో రౌండ్ 2 నిమిషాల 40 సెకన్లు. అంటే వంద మీటర్లకు 40 సెకన్లు, గంటకు 9 కిలోమీటర్ల వేగం. అది నిదానమైన జాగింగ్ కన్నా కాస్త ఎక్కువ, అంతే. అబ్బాయిలది గంటకు 13 కిలోమీటర్లు దాటుతుంది, దూరం మీకు రెట్టింపు. వాళ్ల షెడ్యూల్ పక్కన పరుగెత్తాల్సిన అవసరం మీకు లేనే లేదు. కప్ప గంతులు, బాతు నడక అయితే ఏ ఈవెంట్‌లోనూ లేవు. ఈ రోజు నుంచి అవి బంద్. స్టేడియం మెట్లు కూడా ప్రస్తుతానికి వద్దు, ముఖ్యంగా దిగడం.

పరుగు పూర్తిగా మానేయమని మాత్రం చెప్పను. పూర్తి విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ మోకాలికి బలం రాదు. నెల తర్వాత మళ్లీ గ్రౌండ్‌కి వెళ్తే మూడో రోజుకే మొదటికొస్తుంది. మనం చేయాల్సింది నొప్పి భరించగలిగే మేరకు పని తగ్గించి, అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ రావడం. ఎంత మేరకు అన్నది మీ మోకాలే చెప్తుంది. సున్నా అంటే అసలు నొప్పి లేదు, పది అంటే తట్టుకోలేని నొప్పి అనుకోండి. వ్యాయామం చేస్తున్నప్పుడు మూడు దాకా ఉంటే పర్వాలేదు, కొనసాగించండి. నాలుగుకి చేరితే ఆ రోజుకి అక్కడితో ఆపండి. రెండో పరీక్ష మర్నాడు పొద్దున. హాస్టల్ మెట్లు మొదటిసారి దిగేటప్పుడు నొప్పి నిన్నటిలాగే ఉంటే నిన్న చేసింది సరిపోయింది. నిన్నటి కన్నా ఎక్కువుంటే నిన్న ఎక్కువ చేశారు, తర్వాతి సారి తగ్గించాలి. చిన్న నోట్‌బుక్‌లో రోజూ ఏం చేశారో, మర్నాటి మెట్ల మార్కు ఎంతో ఒక్క లైను రాసుకోండి. తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లినా ఆ పుస్తకమే అన్నిటికన్నా పనికొస్తుంది.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు గ్రౌండ్‌కి వెళ్లండి. ఐదు నిమిషాలు నడిచి, ఒక నిమిషం జాగింగ్, ఒక నిమిషం నడక, ఇలా పదిసార్లు. అది కూడా నొప్పి మూడు దాటిస్తే జాగింగ్‌ను అర నిమిషానికి తగ్గించండి. తేలిగ్గా అనిపిస్తే మూడో వారం నుంచి జాగింగ్ రెండు నిమిషాలు, నడక ఒక నిమిషం. అలా పెంచుకుంటూ వెళ్తే రెండు మూడు నెలల్లో 800 మీటర్లు ఆగకుండా పరుగెత్తే స్థితికి చాలామంది వస్తారు. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచొద్దు. ముందు దూరం, తర్వాత వేగం.

పరుగులో ఒక చిన్న మార్పు చేయండి. దీనికి డబ్బు ఖర్చు లేదు, బూట్లు మార్చక్కర్లేదు. మామూలుగా పరుగెత్తుతూ అర నిమిషంలో మీ కుడి పాదం ఎన్నిసార్లు నేలకు తగిలిందో లెక్కపెట్టండి. 38 వచ్చిందనుకోండి, అదే వేగంలో దాన్ని 40, 41 చేయడానికి ప్రయత్నించండి. అంటే అంగలు కాస్త చిన్నవి, కాస్త తొందరగా. నూటికి ఐదు నుంచి పది అడుగులు పెరిగితే చాలు, చిప్ప వెనక పడే ఒత్తిడి బాగా తగ్గుతుంది. పెద్ద పెద్ద అంగలు వేస్తే పాదం శరీరానికి చాలా ముందు పడుతుంది, ఆ అదురంతా మోకాలే మోయాలి. ఫోన్లో టిక్ టిక్ మని తాళం వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే లెక్క తేలిక. పొట్టిగా వేస్తున్నట్టు మొదట్లో వింతగా ఉంటుంది, వారం పది రోజుల్లో అలవాటవుతుంది.

ఇప్పుడు అసలు మందు. ఈ నొప్పికి ఇప్పటిదాకా బాగా పని చేసిందని తేలింది వ్యాయామమే, అది కూడా తొడ కండరాలతో పాటు తుంటి పక్క కండరాలకు కలిపి చేసేది. కరెంటు పెట్టడం, వేడి లైట్లు, అల్ట్రాసౌండ్ లాంటి మిషన్ల మీద డబ్బు తగలేయొద్దు. వాటి వల్ల ఈ నొప్పికి చెప్పుకోదగ్గ మేలు లేదు. ఇరవై సిట్టింగ్‌ల ప్యాకేజీ అని ఎవరైనా అంటే వ్యాయామాలు నేర్పిస్తారా అని అడగండి. నేర్పకపోతే బయటికి వచ్చేయండి.

తుంటి ఎందుకు అంటారా? హాస్టల్లో అద్దం ఉన్న చోట ఒక చిన్న పీటగానీ, ఇటుకంత ఎత్తున్న మెట్టుగానీ వేసుకుని కుడి కాలి మీద నిలబడండి. ఎడమ కాలు ముందుకు గాలిలో పెట్టి, కుడి మోకాలు మెల్లగా వంచుతూ ఎడమ మడమ నేలకు తాకించి, మళ్లీ పైకి లేవండి. అద్దంలో మీ కుడి మోకాలినే చూస్తూ ఉండండి. కాలి రెండో వేలికి సూటిగా ముందుకు వెళ్తోందా, లేక బొటనవేలు కూడా దాటి లోపలికి ఒరిగిపోతోందా? నడుము ఎడమ వైపుకి కిందికి జారిపోతోందా? చాలామంది అమ్మాయిల్లో, ఎక్కువ కాలం కూర్చుని చదివిన అబ్బాయిల్లో కూడా, మోకాలు లోపలికి వెళ్తుంది. తుంటి పక్కనున్న కండరం తొడను నిలబెట్టి పట్టుకోలేకపోతే ఇలా జరగొచ్చు. అప్పుడు చిప్ప ఒక పక్కకి ఒత్తుకుంటుంది. అద్దం ముందు ఈ ఒక్కటి చూసుకున్నాక చాలామందికి తమ మోకాలి కష్టం ఏంటో మాటలు లేకుండానే అర్థమవుతుంది.

ఆ కండరానికి బలం ఇలా. ఎడమ పక్కకి తిరిగి పడుకుని వీపు, పిరుదులు, మడమలు గోడకి ఆనించండి. కుడి కాలు నిటారుగా ఉంచి, మడమ గోడను రాసుకుంటూ పైకి ఎత్తండి, ఒకటిన్నర అడుగు చాలు. కాలి వేళ్లు ఆకాశం వైపు తిరగకూడదు, ఎదురుగా గానీ కాస్త కిందికి గానీ ఉండాలి. పైన మూడు లెక్కపెట్టి మెల్లగా దించండి. సరిగ్గా చేస్తే ప్యాంటు పక్క జేబు ఉండే చోటికి కాస్త వెనకగా సలుపు పుడుతుంది. తొడ ముందు భాగంలో అనిపిస్తే కాలు గోడని వదిలేసి ముందుకు వచ్చిందన్నమాట. పది చొప్పున మూడుసార్లు, తర్వాత రెండో కాలికి. గోడ సాయం తీసుకోవడం వల్ల మోసం చేయడానికి వీలుండదు, అందుకే నేను అందరికీ గోడతోనే చెప్తాను.

దీంతో పాటు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, అదే బ్రిడ్జ్. తేలికైతే ఒంటికాలితో. తర్వాత కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి, మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవడం. కూర్చునేటప్పుడే కండరానికి పని, ధబ్బున పడొద్దు. పది చొప్పున మూడుసార్లు తేలిగ్గా వస్తుంటే బ్యాగులో కోచింగ్ పుస్తకాలు పెట్టుకుని ఛాతీకి హత్తుకుని చేయండి. బరువు పెంచకుండా సంఖ్య వంద దాకా పెంచితే ఓపిక పెరుగుతుంది గానీ బలం అంత పెరగదు. గుంజీలు, బస్కీలు ఇప్పుడే వద్దు. కుర్చీ ఎత్తు దాకా నొప్పి లేకుండా చేయగలిగాక కొంచెం కొంచెంగా లోతు పెంచండి. చివరికి పూర్తిగా గొంతుక్కూర్చోగలగాలి, మన ఇళ్లలో అది కావాలి కూడా. పిక్కల కోసం మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి. ఇవన్నీ వారానికి మూడు రోజులు, పరుగు లేని రోజుల్లో. పూర్తి ఫలితానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి పది రోజుల్లో తేడా లేదని మానేయొద్దు. నొప్పి రెండు నెలలు దాటి ముదిరితే తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే మీరు ఇప్పుడే అడగడం మంచిదైంది.

స్టడీ హాల్లో ప్రతి అరగంటకి కాళ్లు ముందుకు చాపి కాసేపు ఉంచండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కుర్చీ కింద కాళ్లు వెనక్కి మడిచి గంటలు కూర్చోవడమే మీకు లేచేటప్పుడు వచ్చే నొప్పికి కారణం. హాస్టల్లో వెస్టర్న్ టాయిలెట్ ఉంటే నాలుగైదు వారాలు అది వాడండి.

నీక్యాప్ అడిగారు. వేసుకుంటే ధైర్యంగా అనిపిస్తే పరుగెత్తేటప్పుడు వేసుకోండి, తప్పు లేదు. కానీ దానివల్ల జబ్బు తగ్గదు, రోజంతా వేసుకోవాల్సిన పని లేదు. ఫిజియోథెరపిస్ట్ చిప్పకి టేప్ వేస్తే మొదటి కొన్ని వారాలు నొప్పి తగ్గి వ్యాయామం చేసుకోవడానికి వీలవుతుంది. పాదం చదునుగా ఉంటే బూట్లో మామూలు సోల్ కూడా కొంతకాలం సాయపడొచ్చు. బూట్లు అడుగు అరిగి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటే మార్చండి, అంతకు మించి ఖరీదైనవి కొనక్కర్లేదు.

ఇంజెక్షన్ సంగతి కాస్త గట్టిగానే చెప్తాను. అందులో ఏం మందు ఉందో మీకు తెలీదు. ఇలాంటి చోట్ల ఎక్కువగా ఇచ్చేది డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు, కొన్నిసార్లు స్టెరాయిడ్. నొప్పి మందు వేసుకుని పరుగెత్తితే మోకాలు చెప్పే మాట మీకు వినపడదు, ఆ రోజు ఎక్కువ చేసేస్తారు. పరగడుపున వేసుకుంటే కడుపులో పుండ్లు, చెమటలో నీరంతా పోయిన ఒంట్లో కిడ్నీల మీద భారం. మోకాలి దగ్గర నరాల్లా గట్టిగా తగిలే తాళ్లలోకి స్టెరాయిడ్ పోతే అవి బలహీనపడి తెగే ప్రమాదం కూడా ఉంది. ఇంకోసారి వెళ్లొద్దు. గ్రౌండ్‌లో ఎవరైనా ఈవెంట్స్ రోజు కోసం బిళ్లలు పంచినా తీసుకోవద్దు. కొలాజిన్ పొడులు, గ్లూకోసమైన్ డబ్బాల మీద డబ్బు పెట్టకండి. విటమిన్ డి పరీక్షలో తక్కువుంటే డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడండి. 60 వేల యూనిట్ల సాచెట్ వారానికి ఒకసారి వేసుకునేది, రోజూ వేసుకుంటే అదే విషమవుతుంది.

ఎంఆర్ఐ ఇప్పుడు అవసరం లేదు. ఈ సమస్యను లక్షణాలను బట్టి, చేత్తో పరీక్షించి గుర్తిస్తారు. పైగా ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా ఎంఆర్ఐ రిపోర్టులో ఏదో ఒకటి రాసి వస్తూ ఉంటుంది. వేల రూపాయలు పోసి కొత్త భయం కొనుక్కున్నట్టవుతుంది.

అన్నం మానేశానన్నారు, అది చదివాక నాకు మోకాలి కన్నా ఎక్కువ ఆందోళన కలిగింది. వ్యాయామం పెంచి తిండి తగ్గిస్తే కండరం రాదు, ఎముక బలహీనపడుతుంది. పోలీసు, ఆర్మీ శిక్షణకు తయారయ్యే పిల్లలకి ముంగాలి ఎముకలో సన్నని చీలికలు రావడం మామూలే, తిండి చాలని అమ్మాయిల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ ఆరు వారాల్లో నెలసరి తప్పిందా, చూసుకోండి. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్ట్‌కి చూపించుకోవాలి, వ్యాయామం వల్లేలే అని వదిలేయొద్దు. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టండి, పప్పు, గుడ్డు, పెరుగు దానితో పాటు. గ్రౌండ్ నుంచి రాగానే హాస్టల్ టిఫిన్ టైమ్ దాకా ఆగకుండా రెండు అరటిపళ్లు, గుప్పెడు పల్లీలు తినండి. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉంటే ఎంత ప్రాక్టీస్ చేసినా రెండో రౌండ్‌లో ఊపిరి అందదు.

ఇది చదివే ఇతర పిల్లలకి ఒక మాట. మోకాలి నొప్పులన్నీ ఒకటి కాదు. చిప్పకి సరిగ్గా కింద, వేలు పెట్టి చూపించేలా నొప్పి ఉండి గెంతినప్పుడు పెరిగితే అది చిప్ప కింది తాడుకి సంబంధించింది, వాలీబాల్ ఆడేవాళ్లలో, లాంగ్ జంప్ చేసేవాళ్లలో ఎక్కువ. మోకాలికి బయటి పక్క, పరుగు మొదలైన కొంత దూరానికి వచ్చి ఆపగానే తగ్గితే అది వేరు. కబడ్డీలో, ఫుట్‌బాల్‌లో కాలు మెలిపడి టప్పున శబ్దం వచ్చి, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే లిగమెంట్ తెగి ఉండొచ్చు. పసుపు పట్టీ వేసుకుని వారాలు గడపకుండా వెంటనే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చికున్‌గున్యా జ్వరం తర్వాత నెలల తరబడి కీళ్లు నొప్పులు పుట్టొచ్చు, దానికీ ఈ వ్యాయామాలకీ సంబంధం లేదు.

మీకు కూడా ఇక్కడ చెప్పినవి కనిపిస్తే నేను రాసిందంతా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కాలి మీద బరువు వేయలేకపోవడం. మోకాలు మధ్యలో పట్టేసి చాపడానికి గానీ మడవడానికి గానీ రాకపోవడం. నడుస్తుంటే కాలు జారిపోయినట్టు మోకాలు వదిలేయడం. మోకాలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం రావడం, ఇది మాత్రం అదే రోజు చూపించుకోవాలి. పొద్దున లేచాక అరగంటకి మించి కీళ్లు బిగుసుకుపోయి ఉండటం. ఎముక మీద ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, ఆ కాలి మీద గెంతలేకపోవడం. ఏ పనీ చేయకుండా పడుకున్నా రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, ఎముక దగ్గర గడ్డలాంటి వాపు. యువతలో ఎముక క్యాన్సర్ చాలా అరుదు, కానీ వస్తే ఎక్కువగా మోకాలి దగ్గరే వస్తుంది. అందుకే రాత్రి నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దంటాను. మీరు రాసినదాంట్లో వీటిలో ఒక్కటీ లేదు.

అమ్మగారికి ఫోన్ చేసి ఎక్స్‌రే బాగుందని, పరుగు తగ్గించానని, రాత్రి అన్నం తింటున్నానని చెప్పండి. ఆవిడకి ముందు ఊరట కలిగేది ఆ మూడో మాటతోనే.

ఆరు వారాలు ఇలా చేసినా మర్నాటి మెట్ల మార్కు తగ్గకపోతే, వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి మీ నోట్‌బుక్ పట్టుకుని వెళ్లండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఆ విభాగం ఉంటుంది. షాట్‌పుట్ ప్రాక్టీస్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, మోకాలు లోతుగా మడవకుండా నిలబడి విసరండి. లాంగ్ జంప్ మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. 800 మీటర్లు నొప్పి లేకుండా రెండు వారాలు పరుగెత్తగలిగాక, కుడి కాలి మీద ఒక్కదాని మీదే పదిసార్లు గెంతినా నొప్పి రెండు దాటకపోతే, అప్పుడు ఇసుకలోకి దిగండి. మొదటి వారం రోజుకి ఐదారు దూకులు చాలు.